నిర్బంధ సైన్యమా, జీతపు సైన్యమా: ఏది మేలు?

1969 డిసెంబర్ 1 రాత్రి అమెరికా టీవీల్లో ఒక గాజు జాడీ కనిపించింది. దాని నిండా 366 నీలం ప్లాస్టిక్ గుళికలు, ఒక్కోదానిలో ఒక తేదీ రాసిన చీటీ. మొదట చేతికొచ్చింది సెప్టెంబర్ 14. 1944-50 మధ్య ఆ రోజున పుట్టిన కుర్రాళ్లకు సైన్యం నుంచి పిలుపు అందరికంటే ముందు. కొడుకు పుట్టినరోజు ఎన్నో చీటీలో వస్తుందోనని తల్లి గుండె చేతబట్టుకుని కూర్చున్నాక, వియత్నాం ఎంత దూరమైతేనేం?

అందుకే ఆ యుద్ధం ఇంటిని కుదిపేసింది. 1968లో అప్పటి అధ్యక్షుడు జాన్సన్ మళ్లీ పోటీ చేయనని చెప్పి తప్పుకున్నారు. అదే ఏడాది ఆదాయ పన్ను మీద 10 శాతం సర్‌చార్జీ కూడా పడింది. 1970లో కెంట్ విశ్వవిద్యాలయంలో సైనికుల కాల్పులకు నలుగురు విద్యార్థులు బలయ్యారు. తుపాకీ పట్టే వయసు ఓటుకు చాలదా అన్న వాదన గెలిచి, 1971లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది.

ఇరాక్ సంగతి వేరు. 1973లోనే నిర్బంధ సేవ ఆగిపోయింది కాబట్టి, 2003లో వెళ్లినవారంతా తమంతట తాము చేరినవారే. యుద్ధం వద్దంటూ ఫిబ్రవరి 15న లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. మార్చిలో యుద్ధం మొదలైంది. మేలో అధ్యక్షుడు బుష్ పన్నులు తగ్గించారు! ఇంట్లో పెళ్లి పెట్టుకుని జీతం తగ్గించమన్నట్టు. యుద్ధంలో పోయిన సైనికుల శవపేటికల ఫోటోల మీద 1991 నాటి నిషేధం 2009 దాకా సాగింది. 2004లో బుష్ మళ్లీ గెలిచారు. 2006లో ఓటర్లు ఉభయ సభలనూ డెమోక్రాట్ల చేతిలో పెట్టినా, మరుసటి ఏడాది ఇరాక్‌కు ఇంకా సైన్యం వెళ్లింది.

దీన్నిబట్టి నిర్బంధ సేవే యుద్ధానికి పగ్గం అనేవారున్నారు. నాకు నమ్మకం లేదు. జాన్సన్ అయిదు లక్షల మందిని పంపగలిగింది ఆ పగ్గం చేతిలో ఉండబట్టే. వియత్నాంలో 58 వేల మందికి పైగా అమెరికన్లు పోయారు, ఇరాక్‌లో సుమారు 4,500 మంది. కాలేజీలో ఉన్నవారికి వాయిదా దొరికేది, లేనివారికి బూట్లు. పైగా ఆ లాటరీలో పిలుపు 195వ నంబరుతో ఆగింది. అంతకు పైనంబరు వచ్చినవాడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు, యుద్ధం మాత్రం ఆగలేదు.

నా ఓటు జీతపు సైన్యానికే, ఒక షరతు మీద: యుద్ధం ఉన్నన్నాళ్లూ ప్రతి ఇంటికీ యుద్ధపు పన్ను ఉండాలి, జీతం చీటీలో విడిగా కనబడాలి. కొడుకుల్ని లాక్కోకుండా ఇంటిని కదిలించే దారి నాకు ఇంకోటి తోచడం లేదు.

కొరియా యుద్ధంలో పోరాడిన ప్రతినిధుల సభ సభ్యుడు చార్లెస్ రాంగెల్ 2003లో నిర్బంధ సేవ మళ్లీ తెమ్మని బిల్లు పెట్టారు. 2004లో అది ఆ సభలో 402-2తో వీగిపోయింది. వ్యతిరేకంగా ఓటేసిన వారిలో రాంగెల్ కూడా ఉన్నారు. అవసరమైతే సైన్యానికి పిలవడానికి కుర్రాళ్ల పేర్ల జాబితా మాత్రం 1980 నుంచి నడుస్తూనే ఉంది: గ్రీన్ కార్డున్న మన తెలుగు కుర్రాడికీ 18 నిండగానే అందులో చోటుంటుంది.