వందేళ్ల మిలిటరీ రైలు రంగు పెచ్చు అంటూ అమ్ముతున్నాడు, డబ్బు కట్టకండి

పాత ఇంజను మీది రంగు పెచ్చు అని నాకు అంటగట్టిన మనిషి నిన్న రాత్రి అదే పెచ్చు మళ్లీ అమ్మకానికి పెట్టాడు. అదే ఫొటో, కింద అదే నీలం గుడ్డ, మూలన అదే బొటనవేలి మరక. పైన "చివరి పీసు" అని రాశాడు. నాకు అమ్మినప్పుడూ అది చివరి పీసే. ఆ చివరి పీసు నా టేబుల్ సొరుగులో ఉంది మరి! నాకు 14,500 రూపాయలు పోయాయి. ఇంకెవరూ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు లైను వేశారు. 1940లో యుద్ధం అవసరాలకని ఆ పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ రైలు మొహం చూడటానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. మా తాతగారు ఆ కథ చెప్పినప్పుడల్లా "ఏ దేశం పోయాయో మన పట్టాలు" అనేవారు. అది పెద్ద గేజి (పట్టాల మధ్య వెడల్పు) లైనే, బుల్లి రైలు కాదు. కానీ యుద్ధమూ రైలూ కలిసిన కథల పిచ్చి నాకు అక్కడే అంటుకుంది.

ఆ పిచ్చి చివరికి మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కందకాల వెనక తిరిగిన బుల్లి రైళ్ల దగ్గర ఆగింది. 60 సెంటీమీటర్ల గేజి. గుండ్లు, తిండి, గాయపడ్డవాళ్లు అన్నీ వాటి మీదే. బ్రిటిష్ సైన్యం కోసం అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ 1916–17లో 495 ఇంజన్లు చేసి పంపింది. యుద్ధం అయ్యాక వాటిలో కొన్ని మన దేశానికి వచ్చి చక్కెర మిల్లుల్లో చెరకు లాగాయి. ఉత్తరప్రదేశ్ మిల్లులో పనిచేసిన 778 నంబరు ఇంజను ఇప్పుడు ఇంగ్లండ్‌లో లేటన్ బజర్డ్ దగ్గరి చిన్న రైల్వేలో ఉంది. నేను దాని నమూనా పందొమ్మిదో వంతు సైజులో ఇత్తడి రేకుతో రెండేళ్లుగా చేస్తున్నాను. అంతా అయింది, అసలు ఇంజను ఏ రంగో తేలక అక్కడ ఆగిపోయాను.

సరిగ్గా అప్పుడు ఇతను తగిలాడు. చక్కెర మిల్లు తుక్కులో అమ్మేసిన బాల్డ్విన్ ఇంజను క్యాబు (డ్రైవరు నిలబడే గది) నుంచి ఊడదీసిన పెచ్చు అన్నాడు. తోడుగా 1917 నాటి రంగుల చార్టు, యుద్ధకాలపు కలర్ ఫొటోలు నాలుగు, ఆ షేడ్‌కు కలిపిన రెండు డబ్బాల రంగు. చక్కెర మిల్లు మాట నిజానికి దగ్గరగా ఉంది కదా, అక్కడే పడిపోయాను. "సార్, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, మీరు తెలుగువారని ఆపాను" అన్నాడు. ఆయ్, ఆ మాటకి కూడా పడిపోయాను. అడ్వాన్సు కాదు, మొత్తం ఒకేసారి ఫోన్లో కొట్టేశాను.

పార్సిల్ విప్పితే గోరంత పెచ్చు, పైన ముదురు పచ్చ, వెనక తుప్పు. మూడు రోజులు మురిసిపోయి, నాలుగో రోజు కాకినాడలో మా బావ డెంటింగ్, పెయింటింగ్ షాపుకి పట్టుకెళ్లాను. మామూలుగా పాత రంగు పొరలు చూడాలంటే అంచుని ఏటవాలుగా వాటర్ పేపరుతో రుద్ది, పదింతల భూతద్దం కింద పెడతారు. అడుగున ఎర్ర ప్రైమరు, దాని మీద కోటు, దాని మీద మసి గీత, మళ్లీ కోటు, ఇలా చెట్టు మానులో వలయాల్లా కనిపించాలి. ఆవిరి ఇంజను మీది పెచ్చులో మసి లేకపోవడమంటే పొయ్యి మీద పెట్టని కుండ అన్నట్టే. నా పెచ్చులో మసి గీత ఒక్కటీ లేదు. బూడిద రంగు పొర ఒకటి దళసరిగా, దాని మీద పచ్చ పల్చగా. అంతే.

బావ దాన్ని గోటితో గీకి, వాసన చూసి నవ్వాడు. "ఒరేయ్ బావా, ఇది లప్పంరా. మన కార్లకి సొట్టలు పూడ్చేది." దూదికి థిన్నరు అద్ది పచ్చ మీద పెడితే నాలుగు సెకన్లలో దూది పచ్చబడింది. అవిసె నూనెతో కలిపిన రంగు వందేళ్లు ఎండితే రాయిలా అవుతుంది, థిన్నరు తగలగానే అలా కరిగి దూదికి అంటదు. వెనక తుప్పు సంగతి మరీ దారుణం, తడి గుడ్డతో తుడిస్తే పోయింది.

తర్వాత చార్టు. పక్క వీధి రొయ్యల వ్యాపారి దగ్గర దొంగనోట్లు పట్టే నీలం లైటు ఉంటే దాని కింద పెట్టాం. కాగితం పెళ్లి పందిట్లో తెల్ల చొక్కాలా వెలిగిపోయింది. కాగితం అలా మెరవడానికి కలిపే మందు 1950 ప్రాంతంలో గానీ వాడకంలోకి రాలేదు. అసలు లైటు కూడా అక్కర్లేదు, నేను తలకాయతో చదివి ఉంటే చాలు. చార్టు నెత్తిన "బ్రిటిష్ స్టాండర్డ్ 381సి, 1917" అని ఉంది. ఆ రంగుల పట్టిక 1930కి ముందు లేదు. ఇతనే జర్మన్ సైన్యపు ఫీల్డ్ రైల్వేకి కూడా రాల్ (జర్మన్ల రంగుల పట్టిక) నంబర్లతో ఇలాంటి ప్యాకెట్టు అమ్ముతున్నాడు. రాల్ పట్టిక పుట్టిందే 1927లో, అదీ 40 రంగులతో.

ఫొటోల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసం లేనిచోట కూడా మనం పప్పులో కాలేసేది ఇక్కడే. "నలుపు తెలుపు ఫొటోలో బూడిద షేడ్ కొలిచి కంప్యూటరుతో అసలు రంగు తేల్చాం" అన్నాడు. ఆ కాలంలో ఫొటోలకు ఎక్కువగా వాడిన గాజు ప్లేట్లకు ఎరుపు కనపడదు. ఎరుపు నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోయి తెల్లగా పడుతుంది. మా తాతమ్మ స్టూడియో ఫొటోలో కుంకుమ బొట్టు కాటుక బొట్టులా ఉంటుంది. దాన్ని కొలిచి కుంకుమ అని ఏ కంప్యూటరు చెబుతుంది? ఇంజను ఫొటోలో నల్లగా ఉన్నది నలుపో, ముదురు ఎరుపో, మసి పట్టిన పచ్చో ఆ ఒక్క ఫొటోతో తేలదు.

యుద్ధకాలంలో అసలు కలర్ ఫొటోలు లేకపోలేదు. లూమియేర్ సోదరుల ఆటోక్రోమ్ ప్లేట్లు 1907 నుంచే అమ్మకంలో ఉన్నాయి, ఫ్రెంచి సైన్యం వాటితో ఫొటోలు తీయించింది కూడా. ఆ ప్లేటు మీద రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులు ఉంటాయి, పెద్దది చేస్తే నారింజ, పచ్చ, ఊదా చుక్కలు ముగ్గు పిండి చల్లినట్టు కనిపిస్తాయి. ఇతను పంపిన వాటిలో చుక్క లేదు. ఒక ఫొటోలో క్యాబు పచ్చ రంగు పక్కన నిలబడ్డ సైనికుడి చెవి మీదకు పాకింది. సగం చెవి పచ్చ, అంటే తర్వాత పూసిన రంగు.

కాబట్టి రంగు ఆధారం అని ఎవరు ఏది అమ్మినా, ముందు పెచ్చు అంచుని బాగా దగ్గరగా తీసిన ఫొటో అడగండి. పైభాగం ఫొటో దేనికీ పనికిరాదు. ఇంజను నంబరు, ఏ భాగం నుంచి తీశారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అని అడగండి. నేను ఇవన్నీ డబ్బు కట్టాక అడిగాను, రెండో ప్రశ్నకే నా నంబరు బ్లాక్ చేశాడు. ఇంగ్లండ్‌లో బాగుచేసి నడుపుతున్న ఇంజన్ల ఇప్పటి రంగు చూసి అదే అసలు రంగు అనుకోవద్దు, అది బాగుచేసినవాళ్ల నిర్ణయం.

సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. (చార్టు అబద్ధం పట్టించిందీ 1930 అనే అంకే, అదో విచిత్రం.) ఆలస్యంగా చేశానని అన్నారు, డబ్బు కదిలిన మొదటి గంటల్లో చేస్తే ఆపడానికి వీలుంటుందట. ఆ మూడు రోజులు నేను పెచ్చు చూసుకుని మురుస్తున్నాను కదా.

ఇప్పటికే కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ పెచ్చు అంచు ఫొటో తీసి పెట్టండి. నా దాని పక్కన పెట్టి చూద్దాం. మా బావ అనుమానం రెండూ ఒకే కారు డోరులో ముక్కలని.