పల్సులా, ప్రొఫినెట్టా, ఈథర్‌క్యాటా: మీ మెషీన్‌కి ఏ ఎన్‌కోడర్ మేలు?

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే గూడ్స్ లిఫ్ట్ రెండు అంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయిందనుకోండి. డీజిల్ జనరేటర్ అందుకునేలోపు బ్రేకు వదిలించి లిఫ్టును చేత్తో కిందికి దించారు. కరెంటు వచ్చాక పీఎల్‌సీకి (ప్యానెల్లో కూర్చుని మెషీన్‌ను నడిపే కంప్యూటర్) లిఫ్ట్ ఎక్కడుందో తెలియాలా, అక్కర్లేదా? షాఫ్టు తిరుగుడును పీఎల్‌సీకి అంకెల్లో చెప్పే ఎన్‌కోడర్ ఎంపికలో సగం ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. మిగతా సగం, మీ ప్యానెల్లో ఇప్పటికే కూర్చున్న పీఎల్‌సీకి ఏ పోర్టు ఉందన్నది. ప్రొఫినెట్, ఈథర్‌క్యాట్ అనేవి ఎన్‌కోడర్‌ను పీఎల్‌సీకి కలిపే నెట్‌వర్కులు. చాలామంది ఈ రెండూ వదిలేసి కేటలాగులో రిజల్యూషన్ దగ్గర మొదలుపెడతారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే.

పల్స్ ఎన్‌కోడర్: చవక, కానీ మతిమరుపు

ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ ఏ, బీ అనే రెండు పల్స్ లైన్లూ, చుట్టుకొకసారి వచ్చే జెడ్ పల్సూ ఇస్తుంది. ఎటు తిరుగుతోందో ఏ, బీల మధ్య తేడాను బట్టి పీఎల్‌సీ కనుక్కుంటుంది. లెక్కంతా పీఎల్‌సీలోనే. పాత లెక్కను మెమరీలో దాచినా, కరెంటు లేనప్పుడు తిరిగిన చుట్లు అందులోకి రావు. అందుకే ప్రతిసారీ హోమింగ్ (తెలిసిన చోటికి తెచ్చి లెక్క మళ్లీ మొదలుపెట్టడం) చేయాలి. కన్వేయర్ వేగానికి, పొడవు కొలవడానికి ఇది లోపమే కాదు. లిఫ్టుకైతే పెద్ద లోపం.

కొనేముందు ఒక గుణకారం చేయండి: ఆర్‌పీఎంను పల్సులతో గుణించి 60తో భాగించాలి. 1440 ఆర్‌పీఎం మోటారు మీద 1024 పల్సుల ఎన్‌కోడర్ పెడితే 24,576 హెర్ట్జ్. సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీల్లో 1214సీ మోడల్ మొదటి ఆరు ఇన్‌పుట్లు ఏ-బీ మోడ్‌లో 80 కిలోహెర్ట్జ్ వరకు లెక్కపెడతాయి, కాబట్టి ఇబ్బంది లేదు. అదే 3000 ఆర్‌పీఎం, 2048 పల్సులైతే 1,02,400 హెర్ట్జ్; అది దాటిపోయినట్టే. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్5యూ పీఎల్‌సీలో హైస్పీడ్ ఇన్‌పుట్లు 200 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తాయి.

ఎస్7-1200లో లెక్క అసలు కదలకపోతే తొంభై శాతం అనుమానం ఇన్‌పుట్ ఫిల్టర్ (మరీ పొట్టి పల్సుల్ని ఆపేసే సెట్టింగు) మీదే పెట్టుకోండి. డిఫాల్ట్ 6.4 మిల్లీసెకన్లు. ఆ ఫిల్టర్ దాటి 78 హెర్ట్జ్‌కు మించి ఏదీ లోపలికి రాదు. పై ఉదాహరణకి 10 మైక్రోసెకన్లు పెట్టండి. ఇది మర్చిపోయి ఎన్‌కోడర్ పాడైందని తిప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఔట్‌పుట్ రకంలో 10–30 వోల్టుల పుష్-పుల్ (హెచ్‌టీఎల్) అడగండి. ఎన్‌పీఎన్, పీఎన్‌పీ (కరెంటు లాగే, ఇచ్చే ఔట్‌పుట్ రకాలు) గొడవ ఉండదు, రెండు రకాల ఇన్‌పుట్లకీ పనిచేస్తుంది. 5 వోల్టుల టీటీఎల్ నేరుగా 24 వోల్టుల ఇన్‌పుట్‌కి తగిలిస్తే పీఎల్‌సీ అసలు గుర్తించదు.

రైస్ మిల్లులో బకెట్ ఎలివేటర్ బెల్టు జారుతోందా లేదా అని తెలుసుకోవడానికైతే ఈ పల్స్ ఎన్‌కోడర్ కూడా దండగే. టెయిల్ పుల్లీ మీద ఒక బోల్టు తల, దాని ముందు ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ చాలు.

ఎస్‌ఎస్‌ఐ: మధ్యలో చిక్కుకున్న మంచి పనివాడు

ఎస్‌ఎస్‌ఐ అంటే బిట్లను వరసగా పంపే సీరియల్ లైను. ఈ రకం అబ్సొల్యూట్ ఎన్‌కోడర్‌కి కరెంటు పోయినా స్థానం గుర్తుంటుంది. మల్టీటర్న్‌లో (చుట్లు కూడా లెక్కపెట్టే రకం) సాధారణంగా 25 బిట్లు: చుట్టుకు 8192 మెట్లు, 4096 చుట్లు. పీఎల్‌సీ క్లాక్ పంపితే ఎన్‌కోడర్ బిట్లు ఒకటొకటిగా తిప్పి పంపుతుంది. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ క్లాక్ తగ్గించాలి. బాధ ఏమిటంటే దీనికి ప్రత్యేక మాడ్యూల్ కావాలి, ఆ మాడ్యూల్ ఖరీదు కలిపితే నెట్‌వర్క్ ఎన్‌కోడర్‌కి దగ్గరగా వస్తుంది. పాత క్రేన్‌లో మాడ్యూల్ ఇప్పటికే ఉంటే ఎస్‌ఎస్‌ఐనే కొనసాగించండి. కొత్త ప్యానెల్‌కి ఎంచుకోవడానికి పెద్ద కారణం కనబడదు. విలువ అడ్డదిడ్డంగా గెంతుతుంటే గ్రే కోడ్, బైనరీ అనే రెండు బిట్ల పద్ధతుల్లో ఏది సెట్ చేశారో ముందు చూడండి.

ప్రొఫినెట్: ఎస్7 ఉన్నచోట ఇదే

ఎస్7-1200, ఎస్7-1500 రెండింటికీ ప్రొఫినెట్ పోర్టు సీపీయూ మీదే ఉంది. ఎస్7-1200 ఒక్కటే 16 ఐఓ డివైసుల (నెట్‌వర్క్‌కి తగిలించే పరికరాల) దాకా నడుపుతుంది. అంటే ఎన్‌కోడర్‌కి అదనపు మాడ్యూల్ ఖర్చు సున్నా. ఎన్‌కోడర్ ధర మాత్రం పల్స్ దానికి చాలా రెట్లు.

దీని మీద సాధారణంగా మూడు ఎం12 సాకెట్లుంటాయి: రెండు డి-కోడెడ్ ఈథర్నెట్ పోర్టులు, ఒక ఏ-కోడెడ్ పవర్. ఒక పోర్టులోంచి వచ్చి రెండో పోర్టులోంచి తర్వాతి ఎన్‌కోడర్‌కి వెళ్లిపోవచ్చు. కాపర్ కేబుల్ అయితే ఒక్కో ముక్క 100 మీటర్ల లోపే. ఈ గొలుసులో మొదటి ఎన్‌కోడర్‌కి 24 వోల్టులు పోతే వెనకున్నవన్నీ నెట్‌వర్క్ నుంచి మాయమవుతాయి. రెండు మూడు ఎన్‌కోడర్లుంటే స్విచ్ నుంచి విడివిడిగా లాగడమే సుఖం. వాడని పోర్టుకి మూత బిగించకపోతే ఐపీ67 (దుమ్ము, నీరు చొరబడని రక్షణ) అనే మాటకి అర్థం లేదు. కోల్డ్ స్టోరేజీ చాంబర్‌కీ బయటి వేడికీ మధ్య ఉన్నచోట లోపల నీరు పేరుకుంటుంది.

సెటప్ వరస ఇది. తయారీదారు ఇచ్చే జీఎస్‌డీఎంఎల్ ఫైలును (ఎన్‌కోడర్ వివరాలుండే ఫైలు) టీఐఏ పోర్టల్లో, అంటే సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఇన్‌స్టాల్ చేయండి. ఎన్‌కోడర్‌ను నెట్‌వర్క్ వ్యూలోకి లాగి సీపీయూకి అప్పగించండి. తర్వాత టెలిగ్రామ్ (పీఎల్‌సీకీ ఎన్‌కోడర్‌కీ మధ్య తిరిగే డేటా అమరిక) ఎంచుకోండి. ప్రామాణిక టెలిగ్రామ్ 81లో పీఎల్‌సీ నుంచి 4 బైట్లు వెళ్తాయి, ఎన్‌కోడర్ నుంచి 12 బైట్లు వస్తాయి. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో 'అసైన్ డివైస్ నేమ్' చేయాలి. ఐపీ ఇస్తే చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ప్రొఫినెట్‌లో కంట్రోలర్ వెతికేది పేరుతో. ఐపీ ఆ తర్వాత అదే ఇస్తుంది. పేరులో చిన్నక్షరాలు, అంకెలు, హైఫన్ వాడండి. అండర్‌స్కోర్, ఖాళీ వద్దు. ఒకే రకం ఎన్‌కోడర్లు నాలుగుంటే లేబుల్ మీదున్న మ్యాక్ అడ్రస్ ముందే రాసి పెట్టుకోండి, లేదా ఎల్‌ఈడీ మిణికించి చూడండి.

లింక్ పచ్చగా ఉంది, ఎర్రర్ లేదు, విలువ మాత్రం సున్నా. టెలిగ్రామ్ 81లో ఇది మామూలే. మొదటి ఔట్‌పుట్ వర్డ్‌లో (16 బిట్ల ముక్క) బిట్ 10, అంటే 'కంట్రోల్ బై పీఎల్‌సీ', ఒకటి కావాలి; హెక్స్‌లో 0400. అది లేకపోతే మీ ఆదేశాలేవీ ఎన్‌కోడర్ పట్టించుకోదు. రెండో వర్డ్‌లో బిట్ 13 వేస్తేనే (హెక్స్ 2000) అబ్సొల్యూట్ విలువ రెండో స్థాన ఫీల్డులో వస్తూ ఉంటుంది. ప్రీసెట్‌కి (ఇప్పుడున్న చోటుకి మనం కోరిన అంకె ఇవ్వడం) అదే వర్డ్‌లో బిట్ 12. ప్రీసెట్ అంకె పారామీటర్ 65000లో ఉంటుంది. ఇదంతా చిరాకనిపిస్తే తయారీదారు సొంత టెలిగ్రామ్ వాడండి, చాలా మేకుల్లో అది 860. స్థానం, వేగం సూటిగా వస్తాయి. యాక్సిస్ టెక్నాలజీ ఆబ్జెక్టుకి (టీఐఏలో కదలికను నడిపే రెడీమేడ్ బ్లాకు) కలపాలంటే మాత్రం ప్రామాణిక టెలిగ్రామే కావాలి.

ఇక స్కేలింగ్. లిఫ్టు కొలత పుల్లీ చుట్టుకొలత 500 మి.మీ. అనుకుందాం. చుట్టుకు 5000 యూనిట్లు పెడితే ఒక యూనిట్ 0.1 మి.మీ. మొత్తం రేంజ్ 5000 × 4096, అంటే 2,04,80,000. 15 మీటర్ల ఎత్తుకి 30 చుట్లు, 1,50,000 యూనిట్లు మాత్రమే వాడుకుంటాం. గ్రౌండ్ ఫ్లోర్ మట్టానికి ప్రీసెట్ సున్నా ఇవ్వకండి. లిఫ్ట్ ఒక్క మిల్లీమీటరు కిందికి కుంగినా విలువ సున్నా దాటి 2,04,79,990కి గెంతుతుంది, లిఫ్ట్ ఆకాశంలో ఉందని ప్రోగ్రామ్ నమ్ముతుంది. 1,00,000 ఇవ్వండి, పది మీటర్ల జాగా ఉంటుంది. ప్రీసెట్ ఎప్పుడూ షాఫ్ట్ ఆగి ఉన్నప్పుడే.

ఒకే వైపు తిరుగుతూ ఉండే టేబుల్‌కి లెక్క వేరు. మొత్తం రేంజ్‌లో చుట్ల సంఖ్య 4096ను నిశ్శేషంగా భాగించాలి: 8, 16, 64 ఇలా. టేబుల్ ఒక చుట్టుకి ఎన్‌కోడర్ 10 చుట్లు తిరిగితే, కరెంటు లేనప్పుడు 4096వ చుట్టు దాటగానే స్థానం తప్పుతుంది. అలాంటిచోట ఎండ్‌లెస్ షాఫ్ట్ ఫంక్షన్ ఉన్న మోడలే తీసుకోవాలి.

ఈథర్‌క్యాట్: వేగం నిజమే, అవసరం ఎంత?

ఆమ్రాన్ ఎన్‌జే, ఎన్‌ఎక్స్ గానీ బెకాఫ్ గానీ పీఎల్‌సీ ఉంటే ఆలోచించే పనిలేదు, ఈథర్‌క్యాటే. ఎస్7 వాడేవాళ్లు వేగం కోసం దీనికి మారాలనుకుంటే కంట్రోలరే మార్చాలి.

సెటప్‌లో పేర్లు, ఐపీలు ఉండవు. ఈఎస్‌ఐ ఫైలు (ఈథర్‌క్యాట్‌లో ఎన్‌కోడర్ వివరాలుండే ఫైలు) వేసి స్కాన్ చేస్తే వైరింగ్ వరసలో డివైసులు కనబడతాయి. అందుకే పోర్టుల్లో ఇన్, ఔట్ తారుమారు చేయకూడదు. చేస్తే వరస తప్పి కాన్ఫిగరేషన్‌తో సరిపోలదు. మధ్యలో మామూలు ఆఫీసు స్విచ్ పెట్టకూడదు. పారామీటర్లు సీఐఏ 406 ప్రొఫైల్ (ఎన్‌కోడర్లకు ప్రామాణిక పారామీటర్ల పట్టిక) ప్రకారం ఉంటాయి: 6001 హెక్స్ చుట్టుకు యూనిట్లు, 6002 మొత్తం రేంజ్, 6003 ప్రీసెట్, 6004 స్థానం. 6000లో బిట్ 2 వేయకపోతే 6001, 6002లో ఏం రాసినా స్కేలింగ్ పనిచేయదు. ఈ విలువల్ని స్టార్టప్ లిస్టులో పెట్టండి, ఎన్‌కోడర్ మార్చినప్పుడు అవే మళ్లీ ఎక్కుతాయి.

వేగం లెక్క చూద్దాం. లిఫ్ట్ సెకనుకు అర మీటరు పోతుంటే, ప్రొఫినెట్ అప్‌డేటూ పీఎల్‌సీ స్కానూ కలిపి 10 మిల్లీసెకన్లయినా తేడా 5 మి.మీ. లెవెలింగ్‌కి ముందు వేగం తగ్గిస్తాం కాబట్టి అది ఇంకా చిన్నదవుతుంది. ఆటోనగర్‌లో బస్సు బాడీ షీటును నిమిషానికి 60 మీటర్ల వేగంతో కోసే లైనైతే అదే 10 మిల్లీసెకన్లకి 10 మి.మీ. అక్కడ ఈథర్‌క్యాట్ డిస్ట్రిబ్యూటెడ్ క్లాక్ (అన్ని డివైసుల గడియారాలనూ కలిపి నడిపే ఏర్పాటు) విలువ తెలుస్తుంది. అయినా కోత ఒక్కటే పనైతే, కొలత చక్రం మీది పల్స్ ఎన్‌కోడర్‌ను నేరుగా సర్వో డ్రైవ్‌కి కలపడం రెండింటికన్నా చవక, ఏ నెట్‌వర్కూ మధ్యలో ఉండదు.

అలెన్ బ్రాడ్లీ కాంపాక్ట్‌లాజిక్స్ పీఎల్‌సీ ఉన్నవాళ్లకి ఈథర్‌నెట్/ఐపీ అనే నెట్‌వర్క్. ఈడీఎస్ ఫైలు (ఎన్‌కోడర్ వివరాలు), ఐపీ, ఆర్‌పీఐ (డేటా ఎంత సేపటికొకసారి రావాలో), అంతే. ఎక్కువ డివైసులుంటే ఐజీఎంపీ స్నూపింగ్ (డేటాను కావలసిన పోర్టుకే పంపే సౌకర్యం) ఉన్న మేనేజ్డ్ స్విచ్ పెట్టండి.

బిగింపు

ఏది కొన్నా బేరింగ్ చచ్చేది ఎక్కువగా ఒకే కారణంతో. షాఫ్టునూ బాడీనీ రెండింటినీ గట్టిగా బిగిస్తారు, కొద్ది వంకర ఉన్నా ఆ బరువంతా ఎన్‌కోడర్ బేరింగ్ మీద పడుతుంది. సాలిడ్ షాఫ్ట్ అయితే బెలోస్ కప్లింగ్ (ముడతల గొట్టంలా వంగే జోడింపు) వేయండి. హాలో షాఫ్ట్ అయితే షాఫ్టు మీద బిగించి, బాడీని స్ప్రింగ్ ప్లేటుతో మాత్రమే పట్టి ఉంచండి. సుత్తితో కొట్టి ఎక్కించడం వద్దు. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) నడిపే మోటారు షాఫ్టుకి నేరుగా కలిపితే షాఫ్ట్ కరెంటు ఎన్‌కోడర్ బేరింగ్‌ను తినేస్తుంది, ఇన్సులేటెడ్ కప్లింగ్ వేయండి. జిన్నింగ్ మిల్లులో దూది పీచు కప్లింగ్ చుట్టూ చుట్టుకుంటుంది, రేకు కవరు తప్పదు.

వీఎఫ్‌డీ మోటారు కేబుల్‌కి కనీసం 20 సెం.మీ. ఎడంగా ఈథర్నెట్ కేబుల్ లాగండి, దాటాల్సివస్తే అడ్డంగా దాటండి. ప్రొఫినెట్‌లో వరసగా మూడు అప్‌డేట్లు రాకపోతే డిఫాల్ట్‌గా కనెక్షన్ తెగినట్టే, కాబట్టి డ్రైవ్ స్టార్ట్ అయినప్పుడే బస్ ఫాల్ట్ వస్తుంటే ప్రోగ్రామ్ కాదు, షీల్డూ ఎర్తూ చూడండి. నెట్‌వర్క్ ఎన్‌కోడర్ లోపల ప్రాసెసర్ ఉంటుంది, తనంతట తాను వేడెక్కుతుంది. విజయవాడ మే నెలలో రేకు కప్పు కింద మోటారు పక్కన పెడుతుంటే డేటాషీట్‌లో ఉష్ణోగ్రత పరిమితి చూడండి. లిఫ్టులో అన్నిటికన్నా పైన, కింద ఉండే ఫైనల్ లిమిట్ స్విచ్చులు మాత్రం తీసేయకండి. అవి హార్డ్‌వైరుగానే ఉండాలి.

రాత్రి రెండింటికి పాడైతే

ఈ పోటీలో పల్స్ ఎన్‌కోడర్‌దే గెలుపు. అదే పల్సుల సంఖ్య, అదే షాఫ్ట్ సైజు దొరికితే ఎలక్ట్రీషియన్ ఒక్కడే మార్చేస్తాడు. నెట్‌వర్క్ ఎన్‌కోడర్ సాధారణంగా ఆర్డర్ మీద వస్తుంది, స్పేరు ముందే కొని ఉంచుకోవాలి. ప్రొఫినెట్‌లో టోపాలజీ, అంటే ఏ పోర్టు ఏ పోర్టుకి కలిసిందో, టీఐఏలో గీసి ఉంచితే ల్యాప్‌టాప్ లేకుండానే కొత్తదానికి పేరు ఎక్కుతుంది. స్పేరుకి పాత పేరు ఉండకూడదు, ఫ్యాక్టరీ రీసెట్ చేసి అల్మారాలో పెట్టండి. స్కేలింగ్ పీఎల్‌సీ నుంచే వస్తుంది. ప్రీసెట్ మాత్రం పాత ఎన్‌కోడర్‌తోనే పోతుంది. లిఫ్టును తెలిసిన మట్టానికి తెచ్చి మళ్లీ ఇవ్వాలి. అందుకు గైడ్ రైలు మీద పెయింటుతో ఒక గీత, ప్యానెల్ తలుపు లోపల ఆ గీత దగ్గర చూపాల్సిన అంకె రాసి అంటించండి.