ఫూబార్2000 కన్వర్టర్: ఆరేళ్లు వాడాక

నాన్నగారి సీడీలు అరవై దాకా ఉన్నాయి. ఎక్కువ భాగం అన్నమయ్య కీర్తనలు, కొన్ని హరికథలు. గీతలు పడకముందే కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ఆరేళ్ల కిందట ఫూబార్2000 అనే పాటల ప్లేయర్ వేసుకున్నాను. పాటల ఫైళ్లను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే కన్వర్టర్ అందులోనే ఉంటుంది. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ చకచకా నడుస్తుంది. మొదటిరోజు మాత్రం ఎంపీ3 చేయబోతే మొరాయించింది. ఎంపీ3 లాంటి ఫైళ్లు తయారుచేసే ఎన్‌కోడర్ల ప్యాక్ విడిగా దించుకోవాలట. ఆ ముక్క తెలిసేసరికి గంట పోయింది.

సీడీలు మొదట వేవ్‌గా, అంటే కుదించని ఫైళ్లుగా తీసి, తర్వాత ఫ్లాక్ చేశాను. ఫ్లాక్ అంటే శబ్దంలో ఏదీ పోకుండా కుదించే రకం. ఐదు నిమిషాల కీర్తన వేవ్‌లో 53 ఎంబీ, ఫ్లాక్‌లో 30కి అటూ ఇటూ. ఫ్లాక్ కుదింపు లెవెల్ 5 పెట్టినా 8 పెట్టినా శబ్దం అదే, మారేది సైజూ పట్టే టైమూ. నాకు అన్నిటికన్నా నచ్చింది బైనరీ కంపేరేటర్ అనే అదనపు కాంపొనెంట్. వేవ్‌నీ ఫ్లాక్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చి, తేడా ఏమీ లేదని తేల్చేస్తుంది. అది చూశాకే వేవ్‌లు డిలీట్ చేసే ధైర్యం వచ్చింది.

కారు కోసం అదే ఫ్లాక్ నుంచి వీ0 అనే మంచి నాణ్యత సెట్టింగుతో ఎంపీ3 తీస్తాను, పాటకు 9 ఎంబీ దాకా. ఎంపీ3 అయితే శబ్దంలో కొంత వదిలేసి కుదిస్తుంది. ఏసీ హోరులో నా చెవికి తేడా తెలియలేదు. పేర్లూ అట్ట బొమ్మా కూడా వెంట వస్తాయి. కాకపోతే తెలుగు పేర్లు మా కారు స్టీరియోలో డబ్బాలుగా కనిపిస్తాయి, అది ఫూబార్ తప్పు కాదు.

క్యాసెట్ల సంగతి వేరే. వాటిని ఒక షాపులో ఇస్తే ఫ్లాక్ అని చెప్పి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. వింటే తాళాల చప్పుడు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ అనే ప్రోగ్రాంలో తెరిచి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత, ఆ పైనంతా నలుపు, అంటే శబ్దమే లేదు. క్యాసెట్ శబ్దమైతే పైకి పోయేకొద్దీ పలచబడుతుంది గానీ ఇలా తెగదు. చిన్న ఎంపీ3గా రికార్డు చేసి, దాన్నే ఫ్లాక్‌గా మార్చారన్నమాట. పిండి మళ్లీ బియ్యమవుతుందా? అడిగితే, "సైజు పెద్దదే కదండీ" అన్నాడు షాపతను.

క్యాసెట్లు వెనక్కి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో నేనే రికార్డు చేసి, ఫ్లాక్ పని ఫూబార్‌కి అప్పగిస్తున్నాను. గంట టేపుకి గంటా కూర్చోవాల్సిందే. పదమూడు అయ్యాయి.