జీలుగ దున్నాలా, పశువుల ఎరువు తోలాలా?

తెనాలి వైపు కృష్ణా కాలువల కింది వరి మాగాణులకూ, గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి పండే నల్లరేగడి చేలకూ భూసారం నిలిపే మార్గం ఒకటే కాదు.

మాగాణికి నా మొగ్గు జీలుగ వైపే; ఇది పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు. తొలకరికి ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం చల్లి, సుమారు 45 రోజులకు పూత మొదలయ్యే వేళ దమ్ములో కలియదున్నితే, ఎరువు తోలే ఖర్చు లేకుండానే నేలకు నత్రజని, సేంద్రియ పదార్థం రెండూ అందుతాయి. చౌడు ఛాయలున్న పొలంలోనూ ఈ పైరు తట్టుకొని పెరుగుతుంది. దున్నే ముందు ఒక మొక్కను వేళ్లతో సహా పెకలించి, వేరు మీది బొడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే, గాలిలోని నత్రజనిని అది స్థిరీకరిస్తున్నట్లే. ఆలస్యం చేస్తే మాత్రం కాండం ముదిరి, నారెక్కి, త్వరగా చివకదు.

మెట్ట చేలో పచ్చిరొట్ట చివకడానికి చాలినంత తేమ దొరకడం కష్టం కనుక అక్కడ పశువుల ఎరువే నమ్మదగినది. బాగా మాగిన ఎరువులో నత్రజని సుమారు అర శాతం, అంటే 4 టన్నులకు 20 కిలోలు. ఒక 45 కిలోల యూరియా బస్తాలోనూ దాదాపు అంతే ఉంటుంది. అయితే పొటాష్, సూక్ష్మపోషకాలు, తేమను పట్టి ఉంచే గుణం యూరియాతో రావు. పచ్చి పేడ తోలితే కలుపు విత్తనాలు, వేరుపురుగు కూడా వెంట వస్తాయి.

ఎరువు ఫలితం రెండు మూడేళ్లు నిలుస్తుంది కనుక, ఏటికేడు మారే కౌలుదారుపై ఆ భారం మోపడం అన్యాయం. భూయజమానే దానిని భరించాలి, లేదా కౌలులో తగ్గించాలి.