ముందుగా ఏది: కిన్నెరసాని పాటలా, వేయిపడగలా?

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన నాటి నుండి బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఎందరికో మాట తెలుగు, బడి చదువు ఒడియా. అటువంటి ఇంటి పిల్లలు విశ్వనాథ సత్యనారాయణను (1895–1976) చదవదలిస్తే, నేను ముందుగా కిన్నెరసాని పాటలనే చేతికిస్తాను. అత్త పెట్టే ఆరళ్లకు తాళలేక అడవిలో వాగైపోయిన కోడలు, ఆమె కోసం రాయిగా మారిన భర్త: కథ ఇంతే. అక్షరాలు కూడబలుక్కునేవారికి సైతం, ఇంట్లో ఒకరు పైకి చదివితే, ఆ లయ అర్థానికి దారి చూపుతుంది.

వేయిపడగలు వేరు. బందరు, గుంటూరు, విజయవాడ కళాశాలల్లో పాఠం చెప్పి, కరీంనగర్‌లో ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేసిన ఆయనలోని అధ్యాపకుడు ఈ నవలలో ప్రతి మలుపులోనూ కనిపిస్తాడు. కథానాయకుడు ధర్మారావు కూడా బోధకుడే, అందుకే సాహిత్యం, సంగీతం, విద్యావిధానం గురించిన చర్చలు కథను ఆపి మరీ సాగుతాయి. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడిలో ఈ గ్రాంథికపు పోకడ కొత్తవారికి బరువనిపించడం సహజం. వర్ణవ్యవస్థపై నవల చూపే ఆదరాన్ని నేను అంగీకరించలేను. అయినా కథ జరిగే సుబ్బన్నపేటలో కోట, గుడి, ఊరు కలిసి క్షీణించిన తీరు, జమీందారీని కళ్లారా చూసిన మన పెద్దలకు ఏ వివరణా లేకుండానే అందుతుంది. వారు మాత్రం నేరుగా నవలతోనే మొదలుపెట్టవచ్చు.