ఆవకాయ నూనె ఒలికిన కారు, రెండు షాపుల అనుభవం

మే నెలలో భీమవరం నుంచి హైదరాబాద్ వస్తూ అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీని ముందు ఎడమ సీటు వెనకాల కింద పెట్టాను. అమ్మ వాసెన గట్టిగానే కట్టింది, పైన కవరు కూడా చుట్టింది, కానీ అప్పుడే తిరగకలిపిన పచ్చడి, నూనె పైకి తేలి ఉంది, నందిగామ దాటాక ఎక్కడో గుంతలో బండి ఎగిరినప్పుడు జాడీ ఒరిగిపోయింది. కోదాడలో టీకి ఆగి వెనక డోరు తీస్తే లేత గోధుమరంగు కార్పెట్ మీద పళ్లెమంత ఎర్రటి మరక. కారంతా ఘుమఘుమలాడుతోంది, నాకు ఆకలి కూడా వేసింది, అది వేరే సంగతి.

అక్కడ నేను చేసిన మొదటి తప్పు, హోటల్ వాళ్ల దగ్గర సబ్బు అడిగి రుద్దడం. మా అమ్మ ఆవకాయలో పసుపు కాస్త ఎక్కువే వేస్తుంది. మరక అంచుల్లో పసుపుగా ఉన్నదల్లా సబ్బు తగలగానే ఇటుకరంగుకి తిరిగింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలిసిన దాన్నే, సబ్బు కూడా ఆ పనే చేస్తుందని అప్పుడు తట్టలేదు. పైగా రుద్దిన కొద్దీ నూనె లోపలికి దిగింది. పొడి బట్టతో అద్ది, ఇంత టాల్కమ్ పౌడరో మొక్కజొన్న పిండో చల్లి నూనె పీల్చనిచ్చి ఉంటే సగం పని అక్కడే అయిపోయేది.

ఇంటికొచ్చాక మా కాలనీ దగ్గరున్న కార్ వాష్‌కి ఇచ్చాను. పేరు రాయను. ఇంటీరియర్ క్లీనింగ్ 1,200 రూపాయలు అన్నారు. నురుగు షాంపూ పోసి, గట్టి బ్రష్‌తో తోమి, రెండు గంటల్లో కారు చేతిలో పెట్టేశారు. మరక పలచబడింది, నిజమే. కానీ కార్పెట్ మీద అరచేయి పెట్టి నొక్కితే నీళ్లు పైకి వస్తున్నాయి. అదేంటని అడిగితే "ఎండలో పెట్టండి మేడమ్, ఆరిపోతుంది" అని సెంటు కొట్టి పంపించారు. మూడో రోజుకి ఆవకాయ వాసన, మల్లెపూల సెంటు, తడి గోనెసంచి వాసన, మూడూ కలిసి ఏదో తయారైంది, మా అబ్బాయి స్కూల్‌కి ఆటోలో వెళ్తానన్నాడు. ఇంకోటి, రబ్బరు మ్యాట్లకి తళతళలాడేలా పాలిష్ పూశారు. చూడ్డానికి బాగుంది, బ్రేక్ మీదకి కాలు తీసేటప్పుడు మడమ జారింది. డ్రైవర్ సీటు దగ్గర మ్యాట్‌కి పాలిష్ వద్దని ముందే చెప్పండి, అడక్కుండానే పూసేస్తారు.

రెండోది కూకట్‌పల్లి వైపు ఒక చిన్న డీటెయిలింగ్ షాపు, అంటే కారుని మూలమూలలా శుభ్రం చేసే చోటు, ఇద్దరే పనివాళ్లు. నడిపే అబ్బాయి ముందు మరక వైపు చూడనేలేదు, ముందు సీట్ల దగ్గర కార్పెట్ నాలుగు చోట్ల నొక్కి చూశాడు, చూసి "ఇక్కడ పచ్చడి పడలేదు కదండీ, తడి ఎందుకుంది?" అన్నాడు. పచ్చడి పడింది వెనకాల, తడి ఎక్కువగా ఉన్నది ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర. సీటు బోల్టులు విప్పి కార్పెట్ ఎత్తి చూపించాడు. కింద మందపాటి దూది లాంటి పొర ఉంటుంది, అది పిండితే కారేలా ఉంది. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఆ నీళ్లన్నీ కారు లోపలికే వస్తున్నాయట. అంటే నేను తిట్టుకున్న వాసనలో సగం ఆవకాయది కానే కాదు, మొదటి షాపు వాళ్లది కూడా కాదు! వాళ్లు పోసిన నీళ్లు దానికి తోడయ్యాయి, అంతే. కాకపోతే చేయి పెట్టి చూసుంటే వాళ్లకీ తెలిసేది.

మరక పని ఎలా చేశాడో పక్కనే కూర్చుని చూశాను. ముందు సీటు కింద కనపడని మూల మందు రాసి తెల్ల బట్టతో అద్ది, కార్పెట్ రంగు ఊడట్లేదని చూసుకున్నాడు. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి మెత్తటి బ్రష్‌తో బయటి అంచు నుంచి లోపలికి. ఆ వెంటనే నీళ్లు చల్లుతూ పీల్చేసే మిషన్ పెట్టాడు, మొదటిసారి డబ్బాలోకి వచ్చిన నీళ్లు అచ్చం పులుసులా ఉన్నాయి. నాలుగుసార్లు అలాగే చేశాడు. మిగిలిన పసుపు ఛాయకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బట్ట మీద పోసి అద్దాడు, ఎందుకంటే పసుపు నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌కి కరుగుతుంది. ఆవకాయలో ఉప్పు ఉంటుంది కాబట్టి కింద రేకు కూడా తుడిచి ఆరబెట్టాడు, లేకపోతే తుప్పు పడుతుందన్నాడు. సీటు కింద పసుపురంగు వైరు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి దగ్గరికి నీళ్లు పోనివ్వలేదు. ఆ ఒక్కదానికే నాకు అతని మీద నమ్మకం కుదిరింది.

కారు రెండు రోజులు ఉంచుకున్నాడు, కార్పెట్ ఎత్తిపెట్టి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాడు. క్లీనింగ్‌కి 2,800, ఏసీ గొట్టానికి ఇంకో 300. ఈ 300 సంగతి ముందు చెప్పలేదు, బిల్లులో చూశాను, కాస్త చిరాకేసింది. సాయంత్రం 5కి ఇస్తానన్న కారు 7:30కి ఇచ్చాడు, ఫోన్ ఒక పట్టాన ఎత్తడు. మరక పూర్తిగా పోయిందా అంటే, టార్చ్ వేసి వెతికితే లేత నీడ ఒకటి కనిపిస్తుంది, అది అతను ముందే చెప్పాడు. తర్వాత రెండు వారాలు కారుని ఆ వైపు ఎండ తగిలేలా పార్క్ చేశాను, ఇంకా తగ్గింది. పసుపు ఎండకి వెలుస్తుంది, పసుపు బట్టలు దండెం మీద ఆరేసిన వాళ్లందరికీ తెలిసిందే.

ఇప్పుడందరూ వేయిస్తున్న, కారు నేలంతా కప్పేసే 7డి మ్యాట్ల గురించి కూడా అతన్ని అడిగాను. దుమ్ము తుడవడానికి బాగుంటాయి, కానీ కింద నీళ్లు చేరితే ఆరవు, పైనుంచి అసలు తెలియదు, నెలకోసారి ఎత్తి చూసుకోమన్నాడు. నేను మామూలు రబ్బరు మ్యాట్లే ఉంచుకున్నాను, బయటికి తీసి పైపు పెట్టి కడిగి గోడకి ఆనిస్తే అరగంటలో ఆరిపోతాయి.

ఇలాంటి పనికి షాపుకి వెళ్లేవాళ్లు మంగళ, బుధవారాల్లో వెళ్లండి. ఆదివారం నాలుగైదు కార్లు ముందే లైన్లో ఉంటాయి, ఆ రోజు సీట్లు విప్పమంటే వాళ్లకీ కుదరదు.