దివాలా ఆంక్షలు: సంతకం పెట్టేయడం మేలా, కోర్టులో తేల్చుకోవడం మేలా?

"అన్నా, వచ్చే నెల డిశ్చార్జ్ అయిపోతాను కదా, మరి ఇప్పుడు ఈ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారేంటి? పెట్టకపోతే డిశ్చార్జ్ ఆపేస్తారా?" ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఇదే. అందరూ ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లే, టేక్‌అవే పెట్టో కన్సల్టెన్సీ పెట్టో దెబ్బతిని, దివాలాకు దరఖాస్తు చేసుకున్నవాళ్లు. నేను లాయర్‌ని కాను, ఇక్కడ స్లౌ పట్టణంలో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను. కానీ ఈ ఉత్తరాలు చాలానే చదివాను, పక్కన కూర్చుని జవాబులు రాయించాను. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ భయం తీసేద్దాం. డిశ్చార్జ్ అంటే దివాలా నుంచి, పాత అప్పుల నుంచి బయటపడటం. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా డిశ్చార్జ్ దానంతట అది ఆగదు. దివాలా ఉత్తర్వు వచ్చిన 12 నెలలకు మామూలుగా వచ్చేస్తుంది. అది ఆగాలంటే మీరు అఫీషియల్ రిసీవర్‌కు (మీ దివాలా కేసు చూసే ప్రభుత్వ అధికారికి) సహకరించడం లేదని చూపించి, కోర్టు చేత ప్రత్యేకంగా ఆపించాలి. మీ చేతిలో ఉన్న కాగితం ఆంక్షల గురించి, అంటే అప్పు తీసుకోవడం, కంపెనీ నడపడం లాంటివాటి మీద పెట్టే హద్దుల గురించి. డిశ్చార్జ్ మీ అప్పులకు సంబంధించింది, ఆంక్షలు మీ నడతకు సంబంధించినవి. అప్పులు పోయాక కూడా ఆంక్షలు 2 నుంచి 15 ఏళ్ల వరకు ఉండొచ్చు.

ఇలా ఎందుకు పెట్టారంటే, 2004 ఏప్రిల్‌కు ముందు ఇక్కడ డిశ్చార్జ్‌కు మామూలుగా మూడేళ్లు పట్టేది. దాన్ని ఏడాదికి తగ్గించినప్పుడు, నిజాయితీగా నష్టపోయినవాడు ఏడాదిలో బయటపడాలి, అప్పిచ్చినవాళ్లను ముంచినవాడి మీద మాత్రం కన్ను ఉండాలి అని ఈ ఆంక్షలు తెచ్చారు. మన ఊళ్లో "ఐపీ పెట్టాడు" అంటే చాలు, వ్యాపారంలో దెబ్బతిన్నవాణ్ని, ఊరిని మోసం చేసి పోయినవాణ్ని ఒకే గాట కట్టేస్తారు. ఈ చట్టం ఆ ఇద్దరినీ విడదీస్తుంది. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది, కాకపోతే ఏ గాటన పడతామో తేలేది ఈ ఉత్తరంతోనే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక మీ ముందున్న రెండు దారులు. ఒకటి, అఫీషియల్ రిసీవర్ ఆఫీసువాళ్లు పంపిన అండర్‌టేకింగ్ మీద సంతకం పెట్టడం, అంటే కోర్టు లేకుండా మీరే ఆంక్షలకు ఒప్పుకోవడం. రెండోది, ఒప్పుకోకుండా ఉంటే వాళ్లు కోర్టుకు వెళ్లి ఆర్డర్ అడుగుతారు, అక్కడ మీ వాదన మీరు చెప్పుకోవాలి. అమల్లోకి వచ్చాక రెండింటి బరువూ ఒకటే. 500 పౌండ్లు, అంతకు మించి అప్పు తీసుకునేటప్పుడు ఆంక్షలున్న సంగతి చెప్పి తీరాలి. కోర్టు అనుమతి లేకుండా కంపెనీ డైరెక్టర్‌గా ఉండకూడదు, కంపెనీ పెట్టకూడదు, నడపకూడదు. దివాలా తీసినప్పటి పేరు చెప్పకుండా వేరే పేరుతో వ్యాపారం చేయకూడదు. పబ్లిక్ రిజిస్టర్‌లో దివాలా ఎంట్రీ డిశ్చార్జ్ అయిన మూడు నెలలకు పోతుంది, ఆంక్షల ఎంట్రీ మాత్రం గడువు తీరేదాకా ఉంటుంది. వీటిని ఉల్లంఘించడం నేరం. సంతకమైతే ఆంక్షలు తేలిగ్గా ఉంటాయని ఎవరో చెప్పారట ఒకాయనకు, అది నిజం కాదు.

మరి తేడా ఎక్కడ? ఖర్చులో ఉంది, తేదీలో ఉంది. కోర్టులో ఓడిపోతే అవతలివాళ్ల ఖర్చులు కూడా మీ మీద పడొచ్చు, అది దివాలా తర్వాత పుట్టిన కొత్త అప్పు, డిశ్చార్జ్‌తో పోదు. తేదీ సంగతి చాలామంది గమనించరు. ఆంక్షల గడువు దివాలా తేదీ నుంచి మొదలవ్వదు, డిశ్చార్జ్ తేదీ నుంచీ కాదు. అండర్‌టేకింగ్ అయితే వాళ్లు ఆమోదించిన రోజు నుంచి, ఆర్డర్ అయితే కోర్టు ఇచ్చిన రోజు నుంచి, మధ్యలో తాత్కాలిక ఆర్డర్ ఉంటే ఆ రోజు నుంచి మొదలవుతుంది. ఎనిమిదో నెలలో నాలుగేళ్లకు సంతకం పెట్టినవాడు, కోర్టు చుట్టూ ఏడాదిన్నర తిరిగి అదే నాలుగేళ్లు తెచ్చుకున్నవాడికంటే ఏడాదిన్నర ముందే బయటపడతాడు.

ఇవన్నీ ఉన్నా, నా దృష్టిలో అసలు తేల్చేది వేరే. ఆరోపణలు రాసిన పేజీ. అందులో ఉన్నది నిజమా కాదా?

మొన్న శీతాకాలంలో ఒక తమ్ముడి ఇంట్లో కూర్చున్నాం. వంటగదిలో గోడకు తెలుగు క్యాలెండర్, దాని మీద డిశ్చార్జ్ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. టేబుల్ మీద ఉత్తరం. అతను "ఆరేళ్లు" అన్న అంకె తప్ప ఇంకేమీ చదవలేదు, రెండో పేజీ మడత కూడా విప్పలేదు. విప్పి చదివితే రెండు కారణాలున్నాయి. ఒకటి, అప్పులు తీర్చలేనని తెలిసిన తర్వాత ఇబ్రహీంపట్నం దగ్గరున్న ప్లాట్‌ను అన్న పేరు మీదికి ఊరికే రాసిచ్చాడని. రెండోది, చివరి పది నెలల క్యాష్ అమ్మకాలకు లెక్కలు లేవని. ప్లాట్ సంగతి నిజమే, తనే ఒప్పుకున్నాడు. ఇండియాలో ఉన్నది వీళ్లకెలా తెలుస్తుందిలే అనుకున్నాడట. ఆస్తి ఏ దేశంలో ఉన్నా చెప్పాల్సిందే, ఊరికే రాసిచ్చినవాటి కోసం ట్రస్టీ (మీ ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచే వ్యక్తి) ఐదేళ్లు వెనక్కి వెళ్లగలడు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ప్లాటు, బంగారం, బావమరిదికి ముందుగా తీర్చేసిన చేబదులు. ఇక్కడి బ్యాంకుకు ఎగ్గొట్టి బంధువు అప్పు తీర్చడం కూడా ఆరోపణల్లోకి వస్తుంది.

కానీ క్యాష్ లెక్కలు ఉన్నాయి! షాపు మూసేటప్పుడు అట్టపెట్టెలో వేసి అటక మీద పడేశాడు. టిల్ రోల్స్ (బిల్లు మెషీన్ కాగితం చుట్టలు) కట్టలు, నీలం అట్ట నోట్‌బుక్కులు రెండు, ఒక దాని మీద పసుపు మరక. తేదీల వారీగా పేర్చి, ఫొటోలు తీసి పంపాం. రెండో కారణం తీసేశారు, కొత్త కాగితం నాలుగేళ్లకు వచ్చింది. దానిమీద సంతకం పెట్టాడు.

ఎన్ని ఏళ్లన్నది ఎక్కువగా ఈ పేజీలో ఏముందన్న దాన్ని బట్టే ఉంటుంది. కోర్టులు మామూలుగా మూడు మెట్లుగా చూస్తాయి: 2 నుంచి 5, 6 నుంచి 10, 11 నుంచి 15. లెక్కలు లేకపోవడం ఒక ఎత్తు, కోవిడ్ టైమ్‌లో టర్నోవర్ పెంచి చూపి 50 వేల పౌండ్ల వరకు బౌన్స్ బ్యాక్ లోన్ (ప్రభుత్వ హామీతో చిన్న వ్యాపారాలకు ఇచ్చిన అప్పు) తీసుకోవడం ఇంకో ఎత్తు. ఒక్క కారణం తగ్గినా ఒక మెట్టు దిగే అవకాశం ఉంటుంది. అందుకే సంతకానికి ముందు జవాబు రాయండి, కాగితాలు జతచేయండి, ఏళ్లు తగ్గించమని అడగండి.

నా మొగ్గు ఎటో అర్థమయ్యే ఉంటుంది. రాసినదాంట్లో ముఖ్యమైనది నిజమైతే, తప్పుగా ఉన్నవాటిని దిద్దించుకుని త్వరగా సంతకం పెట్టడం మేలు. కానీ మీరు చేయనిది చేశారని రాస్తే, అదీ అసలు ఆరోపణే అయితే, టెన్షన్ పోతుంది కదా అని సంతకం పెట్టకండి. తర్వాత రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు ఉంది గానీ, ఒప్పుకుని పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మీ దగ్గర బ్యాంకు స్టేట్‌మెంట్లు, సాక్ష్యాలు ఉంటే లాయర్‌ను చూసుకుని కోర్టులో నిలబడండి. అలాంటివాళ్లకు నేనే చెప్తాను, ఖర్చైనా సరే పోరాడమని.

ఏమీ చేయకుండా కూర్చోవడం మూడో దారి అనుకోకండి. వాళ్లు మామూలుగా దివాలా మొదలైన ఏడాదిలోపే కోర్టులో దరఖాస్తు వేయాలి, కాబట్టి అప్పటిదాకా నాన్చితే పోతుందని కొందరి ఆశ. ఆ ఏడాది సంగతి వాళ్లకూ తెలుసు, పైగా ఆలస్యమైనా కోర్టు అనుమతించొచ్చు. మీరు వెళ్లకపోతే మీ మాట లేకుండానే ఆర్డర్ వస్తుంది. అలాగే ఇండియా నుంచి డబ్బు తెప్పించి అప్పులన్నీ కట్టేసి దివాలానే రద్దు చేయించుకుంటానని ఒకామె అడిగారు. అప్పులు కట్టినందుకు దివాలా రద్దయినా, అప్పటికే అమల్లో ఉన్న ఆంక్షలు మాత్రం అలాగే ఉంటాయి.

దివాలాకు ఇంకా వెళ్లనివాళ్లు ఐవీఏ (అప్పిచ్చినవాళ్లతో విడతలుగా కట్టే ఒప్పందం), డీఆర్‌ఓ (అప్పు మాఫీ ఉత్తర్వు) గురించి కూడా అడుగుతున్నారు. ఐవీఏలో ఈ ఆంక్షల ఆర్డర్లు ఉండవు, కానీ మామూలుగా ఐదారేళ్లు కట్టాలి. డీఆర్‌ఓ 50 వేల పౌండ్ల లోపు అప్పు, ఆస్తి దాదాపు లేనివాళ్లకు, అందులోనూ ఇలాంటి ఆంక్షల ఆర్డర్లే ఉన్నాయి. డిశ్చార్జ్ తర్వాత కూడా జీతంలోంచి నెలనెలా కట్టేది ఉంటే అది వేరే ఒప్పందం, మామూలుగా మూడేళ్లు, దానికీ ఆంక్షలకూ సంబంధం లేదు.

ఆ తమ్ముడు ఇప్పుడు వేరేవాళ్ల కిచెన్‌లో జీతానికి పనిచేస్తున్నాడు, డిశ్చార్జ్ కూడా అనుకున్న తేదీకే వచ్చింది. పోయిన వారం ఫోన్ చేసి, భార్య పేరు మీద కంపెనీ పెట్టి తను చూసుకోవచ్చా అని అడిగాడు. ఆమె పెట్టుకోవచ్చు, ఆమె దగ్గర అతను వంట చేసి జీతం తీసుకోవచ్చు. కానీ సప్లయర్లతో బేరాలు, బ్యాంకు పనులు, మనుషుల్ని పెట్టుకోవడం, తీసేయడం అతనే చేస్తే కంపెనీని నడిపినట్టే లెక్క. అది నేరం, పైగా ఆ కాలంలో కంపెనీ చేసిన అప్పులు అతని మెడకు చుట్టుకుంటాయి. నాలుగేళ్లు గరిటె పట్టుకో, చెక్‌బుక్ మాత్రం పట్టుకోకు అని చెప్పాను.